ట్రాఫిక్‌లో బైక్ ఇంజిన్ కాగిపోతుంటే ఏం చేయాలి?

మే నెల సాయంత్రం. హైటెక్ సిటీ నుంచి జేఎన్‌టీయూ వైపు వస్తున్నాను. నాలుగడుగులు కదలడం, ఆగడం, మళ్లీ నాలుగడుగులు. బండి 150 సీసీ, గాలికి చల్లబడే మామూలు ఇంజిన్. మొదట న్యూట్రల్ పడటం మానేసింది. కాలితో పైకి లేపితే సెకండ్, కిందికి నొక్కితే ఫస్ట్, మధ్యలో పచ్చ లైటు మాత్రం వెలగదు. తర్వాత పికప్ పోయింది. ఇంకాసేపటికి యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా డబ్బాలో గోళీలు ఆడించినట్టు లోపల కటకట. టెన్షన్ వచ్చి పక్కకు తీసి, బ్యాగులోని నీళ్ల బాటిల్ మూత తిప్పి ఇంజిన్ మీద వంచబోయాను. పంక్చర్ షాపు ముందు కూర్చున్న మెకానిక్ అక్కడి నుంచే అరిచాడు: "అన్నా, నీళ్లు పోయకు! హెడ్డు పగుల్తది." హెడ్డంటే ఇంజిన్ పై భాగం.

పావుగంట ఆగాక అతనే ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూపించాడు. గీతల దాకా రావాల్సిన ఆయిల్ కొసన బొట్టులా అంటుకుని ఉంది. "ఆయిల్ ఎన్నడు చూసినవ్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బండి సర్వీసింగ్ అయి ఇరవై రోజులే. అక్కడ తక్కువ పోశారో, ఎక్కడైనా కారిందో తెలియదు గానీ, ఆ ఇరవై రోజుల్లో నేను ఒక్కసారి కూడా వంగి చూడలేదన్నది మాత్రం ఖాయం.

ఆ తర్వాత నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. రోడ్డు మీద ఉన్నప్పుడు చేయాల్సినవి ముందు, ఇంటి దగ్గర తీరిగ్గా చూసుకోవాల్సినవి తర్వాత.

అసలు అది వేడెక్కడమేనా?

ఇంజిన్ వేడిగా ఉండటం రోగం కాదు. మనం పోసిన పెట్రోల్‌లో పావు వంతు నుంచి మూడో వంతు దాకానే చక్రం తిప్పడానికి పనికొస్తుంది. మిగతాదంతా వేడిగా సైలెన్సర్‌లోంచి, ఇంజిన్ ఒంట్లోంచి బయటికి పోవాల్సిందే. కాబట్టి హెడ్డు మీద నీటి చుక్క పడితే సుయ్‌మంటుంది, మోకాళ్లకు సెగ తగులుతుంది, బండి ఆపాక సైలెన్సర్ దగ్గర టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది. ఆ టిక్ టిక్ లోహం చల్లబడుతూ ముడుచుకునే చప్పుడు. డ్యూక్ లాంటి బండ్లలో ఫ్యాన్ తిరిగి కాళ్ల మీదికి వేడి గాలి కొట్టడం కూడా మామూలే. ఫ్యాన్ తన పని తాను చేస్తోందని అర్థం.

భయపడాల్సినవి వేరే. న్యూట్రల్ పడకపోవడం, గేర్లు గట్టిపడటం తొలి హెచ్చరిక. వేడికి క్లచ్ ప్లేట్లు సరిగ్గా విడిపోవడం లేదన్నమాట. ఎప్పుడూ మూడో గేర్‌లో ఎక్కే ఫ్లైఓవర్‌కు రెండో గేర్ కావాల్సి రావడం, స్లో రన్నింగ్ నిలకడ తప్పడం, కాలిన వాసన, పైన చెప్పిన కటకట శబ్దం వచ్చాయంటే ఇక ముందుకు పోవద్దు. రేడియేటర్ ఉన్న బండ్లలో టెంపరేచర్ లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలిగిందంటే ఇల్లు అర కిలోమీటరే ఉన్నా సరే, ఆపాల్సిందే.

ట్రాఫిక్‌లోనే ఎందుకు?

ఎండలో విజయవాడ హైవే మీద వంద కిలోమీటర్లు ఏకబిగిన తోలితే ఏమీ కాని బండి, ఎల్బీ నగర్ జంక్షన్‌లో అరగంటకే ఆయాసపడుతుంది. కారణం గాలి. స్ప్లెండర్, షైన్, పల్సర్ 150 లాంటి వాటిలో సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలకు ఎదురుగాలి తగిలితేనే వేడి పోతుంది. బండి నిలబడితే గాలి లేదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. పైగా పక్కన బస్సు, ముందు ఆటో, కింద కాలిన తారు. మన రెక్కల చుట్టూ ఉండేది కూడా వేడి గాలే.

ఆర్15, ఎన్ఎస్ 200, డ్యూక్ లాంటి లిక్విడ్ కూల్డ్ బండ్లలో వేడిని మోసుకెళ్లే ద్రవం, అంటే కూలెంట్, తిరుగుతుంది, వేడి పెరిగితే ఫ్యాన్ ఆన్ అవుతుంది, అందుకే నిలబడ్డా తట్టుకుంటాయి. ఆ ఫ్యాన్ పాడైతే మాత్రం ట్రాఫిక్‌లో అవీ మరుగుతాయి. యాక్టివా లాంటి స్కూటర్లది ఇంకో దారి. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌కే బిగించిన ఫ్యాన్ ఒకటి ఇంజిన్ తిరిగినంతసేపూ గాలి తోస్తుంది. ట్రాఫిక్‌లో స్కూటర్ వాళ్లు హాయిగా కనిపించడానికి సగం కారణం అదే.

రోడ్డు మీద: వరసగా చేయాల్సినవి

ఒకటి. ఎడమ ఇండికేటర్ వేసి పక్కకు రండి. నీడ దొరికితే మంచిదే, దొరక్కపోయినా పర్వాలేదు. గాలి ఆడే చోటు నీడ కంటే ముఖ్యం. ఫ్లైఓవర్ కింద నీడ ఉంటుంది గానీ, ఆగిన వాహనాల పొగ, సెగ అక్కడే గుమిగూడతాయి. కొంచెం అవతలికి తోసుకుంటూ పోయి పెట్టండి.

రెండు. ఇంజిన్ ఆపండి. "ఒక్కసారిగా ఆపితే పట్టేస్తుంది, కాసేపు స్లోలో ఉంచు" అని పక్కనున్న పెద్దమనిషి ఎవరో ఒకరు చెబుతారు. గాలికి చల్లబడే బండికి, అందులోనూ ఆయిల్ తక్కువగా ఉందేమో అని అనుమానం ఉన్నప్పుడు, ఆ సలహా వినకండి. ఎదురుగాలి లేకుండా స్లోలో ఉంచితే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. లిక్విడ్ కూల్డ్ బండి అయితే కొన్నింటిలో కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) ఆపి తాళం ఆన్‌లో ఉంచినా ఫ్యాన్ తిరుగుతుంది. మీ బండిలో తిరుగుతుంటే రెండు మూడు నిమిషాలు అలా వదలండి. అంతకు మించి వద్దు, బ్యాటరీ దిగిపోతుంది.

మూడు. నీళ్లు పోయకండి. ఇక్కడ ఒక ప్రశ్న అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది: వానలో రోజూ తడుస్తున్న ఇంజిన్‌కి బాటిల్ నీళ్లతో ఏమవుతుంది? వాన చినుకు చినుకుగా, అన్ని పక్కలా, నడుస్తున్న బండి మీద పడుతుంది. బాటిల్ వంచితే ఒకే చోట, ఒకే క్షణంలో పడుతుంది. ఆ పక్క చప్పున ముడుచుకుంటుంది, అవతలి పక్క ఇంకా సాగే ఉంటుంది. అల్యూమినియం హెడ్డు వంకరపోవడానికి, రెక్క విరగడానికి, గ్యాస్కెట్ (అతుకు మధ్య సీలు) దగ్గర లీకు పుట్టడానికి అది చాలు. ఎగిసిన ఆవిరికి మన చెయ్యి కూడా కాలుతుంది. తడిగుడ్డ కప్పడం కూడా అంతే. ఆ నీళ్లు మీరు తాగండి, ఆ ఎండలో మీకే అవసరం.

నాలుగు. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కూలెంట్ లోపల ఒత్తిడి మీద ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే 120 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, అదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీయకుండా మూత లాగినట్టే. ఇంజిన్ పూర్తిగా చల్లారిందని చేత్తో తాకి తెలిసేదాకా దాని జోలికి పోకండి. పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ ఎంతుందో బయటి నుంచే కనిపిస్తుంది, అది చూస్తే చాలు.

ఐదు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగండి. ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పుకోండి. ఐదు నిమిషాలకే మళ్లీ స్టార్ట్ చేసే వాళ్లను చాలామందిని చూశాను. పైన రెక్కలు కాస్త చల్లబడ్డట్టు అనిపిస్తుంది గానీ, లోపలి ఆయిల్ ఇంకా కాగే ఉంటుంది.

ఆరు. ఆగిన ఆ సమయంలోనే బండి చుట్టూ ఓసారి తిరిగి చూడండి. కింద ఆయిల్ చుక్కలు గానీ, పచ్చగానో నీలంగానో కూలెంట్ గానీ పడుతోందా? రేడియేటర్‌కు పాలిథిన్ కవర్ అతుక్కుందా? మెయిన్ స్టాండ్ ఉంటే వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. బరువుగా కదిలితే బ్రేక్ పట్టేస్తోందన్నమాట. సగం బ్రేక్ నొక్కి బండి నడిపినట్టే, ఇంజిన్ ఆ భారం కూడా మోస్తోంది.

ఏడు. చల్లారాక ఆయిల్ చూడండి. ఎలా చూడాలో కింద రాశాను. ఆయిల్ ఉండాల్సినంత ఉంటే, కూలెంట్ కూడా ఉంటే, స్టార్ట్ చేసి ఖాళీగా ఉన్న గల్లీ దారిలో మెల్లగా పోవచ్చు. ఆయిల్ తక్కువుంటే దగ్గర్లోని స్పేర్ పార్ట్స్ షాపులో మీ బండి గ్రేడ్ (కంపెనీ చెప్పిన చిక్కదనం) ఆయిల్ కొని పోశాకే కదలండి. కూలెంట్ డబ్బా ఖాళీ అయితే, ఏదీ దొరకని చోట, పూర్తిగా చల్లారాక ప్యాకెట్ తాగునీరు పోసి మెకానిక్ దాకా వెళ్లొచ్చు. అది ఆ పూటకే. ఒకట్రెండు రోజుల్లో దాన్ని తీయించి అసలు కూలెంట్ పోయించాలి. బోరు నీళ్లు అస్సలు వద్దు. గీజర్ కాయిల్‌కి తెల్లగా పట్టే ఉప్పు చూశారుగా, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అదే పడుతుంది.

ఎడమ చేతిలో ఉన్న అసలు జబ్బు

నా అనుభవంలో మన ఊళ్ల ట్రాఫిక్‌లో బండ్లను కాల్చేది ఎండ కంటే హాఫ్ క్లచ్. మన మోటార్‌సైకిళ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. సగం పట్టుకుని సగం వదిలి బండిని పాకించినంతసేపూ ఆ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ ఆయిల్‌ను కాస్తాయి. ఇంజిన్‌ను చల్లబరచాల్సిన ఆయిలే క్లచ్ దగ్గర వేడెక్కి తిరిగి ఇంజిన్‌లోకి వస్తోందన్నమాట.

అలవాటు మార్చుకోవడం చెప్పినంత తేలిక కాదు. నాకు రెండు వారాలు పట్టింది. ముందున్న వాహనం అడుగు కదలగానే మనమూ అడుగు కదలకూడదు. ఒక కారు పొడవంత ఖాళీ అయ్యేదాకా న్యూట్రల్‌లో నిలబడి, తర్వాత ఫస్ట్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఆ ఖాళీ దాటి మళ్లీ న్యూట్రల్. వెనక ఆటో వాడు హారన్ కొడతాడు, పక్క నుంచి ఎవడో ఆ సందులో దూరతాడు. దూరనివ్వండి. వాడు కూడా మీ ముందే నిలబడతాడు, సిగ్నల్ దాటిపోడు కదా.

నడుస్తున్నప్పుడు పెద్ద గేర్‌లో ఈడ్వకండి. ఇరవై స్పీడులో నాలుగో గేర్ వేసి యాక్సిలరేటర్ తిప్పితే బండి గుదిగుదిమంటుంది, మైలేజీ కోసం చాలామంది ఇలా చేస్తారు. ఇంజిన్ భారంగా, తక్కువ ఆర్పీఎంలో లాగినప్పుడే కటకట మొదలవుతుంది. రెండో గేర్‌లో తేలిగ్గా తిరగనివ్వడం మేలు.

సిగ్నల్ దగ్గర కౌంట్‌డౌన్ 30 సెకన్ల పైన ఉంటే ఇంజిన్ ఆపేయండి. 15 సెకన్లే ఉంటే వద్దు. కిల్ స్విచ్‌తో ఆపే అలవాటున్న వాళ్లు ఇల్లు చేరాక తాళం తీయడం మర్చిపోకండి. పొద్దున సెల్ఫ్ కొట్టదు, కిక్ లేని బండి అయితే తోసుకుంటూ పోవాలి. ఈ ముక్క కూడా అనుభవం మీదే చెబుతున్నాను.

ఇంటి దగ్గర: ఆయిల్

బండిని చదునైన చోట మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉంటే కొలత తప్పు వస్తుంది. ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. మరలు బిగించకుండా ఊరికే ఆనించి చూడాలని హీరో, హోండా బండ్లలో చాలావాటికి మాన్యువల్‌లో ఉంటుంది. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. గాజు కిటికీ ఉన్న బండ్లకు డిప్‌స్టిక్ అక్కర్లేదు, బండి నిటారుగా ఉంచి రెండు గీతల మధ్య చూస్తే సరి. మెయిన్ స్టాండ్ లేకపోతే ఇంట్లో ఎవరినైనా హ్యాండిల్ పట్టుకుని నిలబెట్టమనండి. నెలకు రెండుసార్లు ఇది చేస్తే మీకు ఐదు నిమిషాల పని.

గ్రేడ్ విషయంలో సొంత తెలివి వద్దు. "ఎండాకాలం కదా, చిక్కటిది పోద్దాం" అనే మాట మెకానిక్ షాపుల్లో తరచూ వినిపిస్తుంది. హోండా, హీరో చిన్న బండ్లకు 10డబ్ల్యూ-30, ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50, ఇలా కంపెనీ ఏది చెబితే అది. గేర్ల బండి అయితే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) అని ఉందో లేదో చూడండి. కారుకు మిగిలిన ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది, జారే క్లచ్ మళ్లీ వేడే.

ఎప్పుడు మార్చాలి అన్న దగ్గర మీటరు మనల్ని మోసం చేస్తుంది. హైవే మీద గంటకు 50 కిలోమీటర్లు పోతాం, అమీర్‌పేటలో గంటకు 10. మీటరు 3,000 చూపించేసరికి హైవే బండి ఇంజిన్ 60 గంటలు తిరిగితే, సిటీ బండి 300 గంటలు తిరిగి ఉంటుంది. ఆయిల్‌కు కిలోమీటర్లు తెలియవు. అందుకే రోజూ ట్రాఫిక్‌లో తిరిగే నేను, మాన్యువల్‌లో చెప్పిన దూరానికి మూడో వంతు ముందే మార్చేస్తాను.

గాలికి అడ్డం ఏముంది?

ఒకసారి మీ బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, గాలి వచ్చే దిక్కు నుంచి ఇంజిన్‌ను చూడండి. క్రాష్ గార్డ్‌కి కట్టిన రెయిన్‌కోట్ సంచి, అదనపు హారన్లు, ఎల్ఈడీ లైట్లు, రేకు షీల్డు... నాది చూసుకుంటే జూన్‌లో కట్టిన రెయిన్‌కోట్ మే దాకా అక్కడే ఉంది, సరిగ్గా సిలిండర్ ముందు. తీసి సీటు వెనక కట్టుకున్నాను.

రెక్కల మధ్య ఎండిన బురద కంబళి కప్పినట్టే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పాత టూత్‌బ్రష్, కాస్త షాంపూ నీళ్లతో రుద్దండి. రేడియేటర్‌కు మాత్రం వాటర్ వాష్ గన్ దగ్గర పెట్టి కొట్టనివ్వకండి. కాగితంలా పలచగా ఉండే ఆ రేకులు వంగితే గాలి దారి మూసుకుపోతుంది. మామూలు పైపు ధార చాలు. స్కూటర్ అయితే ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ ఫ్యాన్ కవర్ పగలకుండా, స్క్రూలు ఊడకుండా ఉందో లేదో చూడండి. ఆ కవర్ పగిలితే ఫ్యాన్ తోసే గాలి సిలిండర్ దాకా చేరదు.

కూలెంట్ మట్టం చల్లని ఇంజిన్‌తో, బండి నిటారుగా ఉంచి, పై గీతకు కింది గీతకు మధ్య ఉందో లేదో చూడాలి. కలిపి అమ్మే కూలెంట్‌లో మళ్లీ నీళ్లు కలపకండి. చిక్కటిది కొంటే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఫ్యాన్ ఎంత వేడెక్కినా తిరగకపోతే ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత వైరు సాకెట్. మోటారు మార్చాలని ఎవరైనా తొలి మాటగా అంటే ఆ రెండూ చూశారా అని అడగండి.

మెకానిక్‌తో చెప్పి చూపించాల్సినవి

క్లచ్ లివర్ కొస దగ్గర కాస్త లూజు ఉండాలి, చాలా బండ్లకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు. అసలే లేకపోతే క్లచ్ జారుతుంది, మరీ ఎక్కువైతే పూర్తిగా విడవదు. రెండింటికీ వేడే ఫలితం. చైన్ మరీ బిగువుగా ఉన్నా, టైర్లలో గాలి తక్కువున్నా ఇంజిన్‌కు అదనపు మోత.

టాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) సంగతి కాస్త జాగ్రత్త. సౌండ్ వస్తోందని మనం ఫిర్యాదు చేస్తే, కొందరు సౌండ్ పోయేదాకా బిగించి ఇస్తారు. బండి నిశ్శబ్దంగా మారి మనకు సంతోషం. కానీ వాల్వ్ వేడికి సాగుతుంది, దానికోసమే ఆ సన్నటి సందు. సందు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, అంచులు కాలిపోతాయి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి, చల్లని ఇంజిన్‌కు, కంపెనీ కొలతకే సెట్ చేయమని చెప్పండి. కొంచెం టకటక ఉన్నా నష్టం లేదు.

సైలెన్సర్ మార్చి, ఫిల్టర్ తీసేసిన బండ్లకు గాలి ఎక్కువై, పెట్రోల్ తక్కువై మంట వేడిగా మండుతుంది. అలాంటి బండి కాగిపోతోందని వస్తే ముందు పాత సైలెన్సర్, పాత ఫిల్టర్ పెట్టించడమే వైద్యం. ఆయిల్‌లో కలిపే "కూలింగ్" సీసాల మీద డబ్బు పెట్టే బదులు ఆ డబ్బుతో ఆయిల్ మార్చుకోండి.

ఇక స్టార్ట్ కూడా చేయకుండా ట్రాలీలో ఎక్కించాల్సిన సందర్భాలు: కిక్ కిందికి దిగనంత గట్టిగా ఉన్నప్పుడు, సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ ఆగకుండా వచ్చి ఆపేసినప్పుడు, ఆయిల్ మూత తీస్తే పాలు కలిపిన టీ రంగులో నురగ కనిపించినప్పుడు. రేడియేటర్ ఉన్న బండిలో ఆ టీ రంగు కూలెంట్ ఆయిల్‌లో కలిసిందనడానికి గుర్తు. అక్కడి నుంచి "ఇంటి దాకా పోదాం" అని ఒక కిలోమీటరు తోలినా, గ్యాస్కెట్‌తో పోయేది బోరు (సిలిండర్) దాకా వస్తుంది.